అనపకాయ అంటే సొరకాయ కాదు

పెళ్ళయిన మొదటి చలికాలంలో ఒక శుక్రవారం ఆఫీసు నుంచి మా ఆవిడకు ఫోను చేసి, "మార్కెట్లో అనపకాయలు కనిపిస్తే రెండు కిలోలు తీసుకురా" అన్నాను. రాత్రి ఇంటికి వెళ్ళేసరికి వంటగది గట్టు మీద మోచెయ్యంత సొరకాయ ఒకటి తీరిగ్గా పడుకుని ఉంది. "రెండు కిలోలు అన్నారని తూకం వేయించి మరీ తెచ్చాను" అంది.

తప్పు ఆమెది కాదు. ఆమెది కాకినాడ. అక్కడ సొరకాయను ఆనపకాయ అంటారు. మాది పలమనేరు దగ్గర పల్లె. మాకు అనపకాయ అంటే చిక్కుడుకాయకు దాయాదిలా ఉండే, గింజల కోసం ఒలుచుకునే కాయ. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. అదీ ఫోనులో, బస్సు హారన్ల మధ్య. ఆ రాత్రి ఆనపకాయ పాలుపోసిన కూర వండింది. బాగుంది కూడా. కానీ పొద్దుటి నుంచీ పితికిపప్పు కోసం కాచుకున్న నోటికి సొరకాయ పెడితే అది ఎంతకని సర్దుకుంటుంది?

పితికిపప్పు పేరు విననివాళ్ళకు కొంచెం చెప్పాలి. చిత్తూరు వైపు, అనంతపురం వైపు అనప చలికాలపు పంట. దానికంటూ చేను పెద్దగా ఉండదు. రాగి చేలోనో వేరుశనగ చేలోనో మధ్య మధ్య ఒక్కో సాలు వేస్తారు. కార్తీకంలో పూస్తుంది, మార్గశిరం, పుష్యం నెలల్లో కాయ దిగుతుంది. పచ్చికాయ మీద సన్నటి జిడ్డు ఉంటుంది. ఒలిచేటప్పుడు అది వేళ్ళకు పట్టుకుంటే సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన వదలదు. మా సంతలో అనపకాయ కొనేవాళ్ళు కాయను చూడరు, గుప్పెడు తీసి వాసన చూస్తారు. మంచు బాగా పడిన ఏడు ఆ వాసన ఎక్కువ ఉంటుందని మా అమ్మ నమ్మకం. తెలంగాణలో ఈ గింజలనే అనుములు అంటారు, ఎండినవాటిని నానబెట్టి గుడాలు, అంటే గుగ్గిళ్ళు, చేసుకుంటారు. ఎండు గింజలు వండేటప్పుడు మాత్రం నానిన నీళ్ళు పారబోసి బాగా ఉడికించాలి. పచ్చివాటితో అంత పని లేదు.

పచ్చి గింజతో ఉన్న పని వేరు. దాని మీద తోలు మందం. ఉడికినా పంటి కింద రబ్బరులా సాగుతుంది. అందుకని ఒలిచిన గింజలను రాత్రంతా నీళ్ళలో నానేసి, మరునాడు ఒక్కొక్క గింజనూ వేళ్ళతో పితికి లోపలి పప్పును బయటకు తీస్తాం. ఆ పితకడం వల్లే పితికిపప్పు. బెంగళూరులో ఉన్న మా చెల్లెలు దీన్ని "హితికిద అవరెబేళె" అని కన్నడంలో అడిగి కొంటుంది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి అయినట్టే, మన పితకడం వాళ్ళకు హితకడం అయింది. సరిహద్దు దాటినా కూర మారలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇది డిసెంబరు, జనవరి నెలల శనివారం రాత్రుల వంట. మా చిన్నాన్న కొడుకు పలమనేరులో సాయంత్రం బస్సుకు గోనెసంచి వేస్తాడు. తెల్లవారి నేను హైదరాబాదు బస్ స్టేషనైన ఇమ్లీబన్‌కు వెళ్ళి తెచ్చుకుంటాను. సంచి మీద నా పేరు, ఫోను నంబరు, వాటి కింద వాడి చేతిరాతతో "తడి తగలనీకు" అని. అయిదారు కిలోల కాయలు ఉంటాయి. అందులో మూడు కిలోలు ఒలిస్తే కిలోకు కాస్త అటూ ఇటూగా గింజలు వస్తాయి. మిగిలిన కాయలను ఉప్పు వేసి అలాగే ఉడకబెడితే పిల్లలు పుస్తకాల ముందు కూర్చుని ఒలుచుకు తింటారు.

పితకడం నేర్పాల్సిన విద్యేమీ కాదు, కానీ ఒక కిటుకు ఉంది. గింజకు ఒక అంచున తెల్లటి గీత ఉంటుంది. ఆ అంచును అరచేతి వైపు తిప్పుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, వెనక నుంచి ముందుకు తోసినట్టు నొక్కాలి. తోలు చిన్నగా చిట్లుతుంది, పప్పు జారి గిన్నెలో పడుతుంది. లేత పచ్చగా, తడిగా, అప్పుడే పుట్టిన కోడిపిల్ల కన్నులా మెరుస్తూ ఉంటుంది. వేళ్ళలో మిగిలిన తోలు ఖాళీ సంచిలా ముడుచుకుంటుంది. గట్టిగా నొక్కితే పప్పు గిన్నెలో పడదు, ఎదుటివాళ్ళ మీదికి ఎగురుతుంది. మా చిన్నాడు తొమ్మిదేళ్ళవాడు. వాడు కావాలనే గట్టిగా నొక్కుతాడు. అక్క కళ్ళజోడుకు తగిలితే రెండు మార్కులు, నాకు తగిలితే ఒకటి. అమ్మమ్మ జోలికి మాత్రం వెళ్ళడు.

అమ్మమ్మ, అంటే మా అత్తగారు, నాలుగేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చేశారు. మొదటి శనివారం బేసిన్‌లోకి తొంగి చూసి, "ఇవి చిక్కుడు గింజలే కదండీ అల్లుడుగారూ" అన్నారు. కాదని చెప్పాను. కాయ వేరు, వాసన వేరు, పంట వేరు అని ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపికగా అంతా విని, "మరి చిక్కుడు గింజల్లాగే ఉన్నాయే" అన్నారు. పౌరుషం వచ్చి ఆ రాత్రే వెతికి చూశాను. వృక్షశాస్త్రం ప్రకారం చిక్కుడూ అనపా ఒకే జాతి. రెంటికీ లాబ్‌లాబ్ పర్ప్యూరియస్ అనే పేరు. కాయను కాయగానే తినడానికి పెంచితే చిక్కుడు, గింజ కోసం పెంచితే అనప. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. చెప్పాక ఆవిడ ఏమీ అనలేదు. "పప్పు అడుగంటుతుందేమో చూసుకోండి" అని మాత్రం అన్నారు.

వంట సంగతికి వస్తాను. మా అమ్మ పితికిపప్పును రెండు రకాలుగా చేసేది. చుట్టాలు వస్తే లవంగం, చెక్క, గసగసాలు నూరి, వంకాయ, బంగాళదుంప ముక్కలు వేసి, పైన నూనె తేలేలా చేసేది. దాన్ని పూరీల్లోకో దోసెల్లోకో పెట్టేవాళ్ళం. మామూలు రోజుల్లో అవేవీ లేవు. హోటళ్ళలో, వీడియోల్లో కనిపించేదంతా చుట్టాల పితికిపప్పే. నాకు మామూలు రోజులదే కావాలి. అన్ని మసాలాలు వేశాక అనప వాసన ఎక్కడ మిగులుతుంది? దానికోసమే కదా రెండు రోజులు కష్టపడింది!

మా అయిదుగురికీ అర కిలో పితికిన పప్పు సరిపోతుంది. ముందు రెండు చెంచాల ధనియాలు కొంచెం వేడిచేసి, పావు చిప్ప పచ్చికొబ్బరి, ఆరు పచ్చిమిరపకాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, గుప్పెడు కొత్తిమీర కలిపి మెత్తగా రుబ్బి పక్కన పెడతాను. గిన్నెలో మూడు చెంచాల వేరుశనగ నూనె కాగాక ఆవాలు, కరివేపాకు, తరిగిన రెండు ఉల్లిపాయలు. ఉల్లిపాయ ఎర్రబడనక్కర్లేదు, మెత్తబడితే చాలు. అప్పుడు పప్పూ పసుపూ వేసి సన్నని మంట మీద కలుపుతూ ఉండాలి. ఇక్కడ తొందర పనికిరాదు. మొదట పచ్చి గడ్డి వాసన వస్తుంది. మూడు నాలుగు నిమిషాలకు అది తగ్గి, వేయించిన వేరుశనగ దగ్గరకు వచ్చే ఒక కమ్మదనం మొదలవుతుంది. వంటగది పక్క గదిలోకి ఆ వాసన వెళ్ళిందంటే టమాటాలు వేసే సమయం అయిందన్నమాట. రెండు టమాటాలు మగ్గాక రుబ్బిన ముద్ద, ఆపైన నాలుగు గ్లాసుల వేడినీళ్ళు. మూత సగం పెట్టి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికిస్తాను. ఉప్పు చివర్లో వేస్తాను. ఒక బద్దను గరిటె మీద పెట్టి వేలితో నొక్కితే వెన్నలా మెదగాలి, కానీ నొక్కనంతవరకూ రూపం చెడకూడదు.

కుక్కరు జోలికి వెళ్ళవద్దు. ఇది అనుభవంతో చెబుతున్న మాట. బ్రహ్మచారిగా గదిలో ఉన్న రోజుల్లో కందిపప్పు లెక్కన మూడు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే పప్పు లేదు, పచ్చటి గంజి ఉంది. గదిలో ఉన్న ముగ్గురమూ దాన్ని బ్రెడ్డుతో తిన్నాం. ఒకతను సూప్ బాగుందన్నాడు. అతనితో ఇప్పటికీ స్నేహం ఉంది.

నీళ్ళ విషయంలో అమ్మ ఇప్పటికీ ఫోనులో హెచ్చరిస్తుంది: "పలచగా ఉందని భయపడవద్దు నాయనా, దించాక అదే చిక్కబడుతుంది." నిజమే. పొయ్యి మీద చారులా ఉన్నది కంచంలోకి వచ్చేసరికి ముద్దకు పట్టుకునేంత అవుతుంది.

పక్కన సంగటి ఉండాలి. బియ్యం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టి, పిండి ఆవిరికి ఉడికాక తెడ్డుతో ఉండలు లేకుండా గెలకాలి. గిన్నెను రెండు పాదాలతో పట్టి గెలికేది మా అవ్వ. నేను గట్టు మీద, మా అమ్మాయి గిన్నె చెవులు పట్టుకుని ఉంటే గెలుకుతాను. తడి చేత్తో ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, అందులో పితికిపప్పు పోసుకోవాలి. నేనూ పిల్లలూ అలా తింటాం. మా ఆవిడకు అన్నమే కావాలి. అత్తగారు అన్నంలో పితికిపప్పు కలుపుకుని పక్కన ఆవకాయ నంజుకుంటారు. మొదట్లో నాకు గుండె కలుక్కుమనేది. ఒకసారి ఎవరూ చూడనప్పుడు నేనూ నంజుకుని చూశాను. అంతకు మించి ఇక్కడ చెప్పను. మిగిలిన కూర ఆదివారం పొద్దున దోసెల్లోకి ఇంకా బాగుంటుంది.

పోయిన సంక్రాంతికి మా చెల్లెలు బెంగళూరు నుంచి వస్తూ పితికి అమ్మే పప్పు రెండు పొట్లాలు తెచ్చింది. అక్కడ సీజనులో కాయతో పాటు పితికిన పప్పూ అమ్ముతారు. ఒలిచే పని లేదు, నానేసే పని లేదు. కూర ఎప్పటిలాగే వచ్చింది, వంక పెట్టడానికి లేదు. ఏడు గంటలకే వంట అయిపోయింది. ఎనిమిదిన్నరకు తింటాం కనుక ఆ గంటన్నర సేపు ఎవరి గదిలో వాళ్ళం ఉన్నాం. చిన్నాడు రెండుసార్లు వచ్చి బేసిన్ ఎక్కడని అడిగి వెళ్ళాడు.

తోళ్ళను ఊళ్ళో అయితే ఆవుకు వేస్తారు. ఇక్కడ బాల్కనీలో ఎరువు కోసం పెట్టుకున్న కుండీలో వేస్తాం. రెండేళ్ళ కిందట జనవరిలో ఆ తోళ్ళలో పొరపాటున వెళ్ళిన ముదురు గింజ ఒకటి మొలిచింది. చిన్నాడు తాడు కట్టాడు. వేసవి అయింది, వానలు అయ్యాయి, తీగ కటకటాలంతా అల్లుకుంది, కానీ ఒక్క పువ్వు లేదు. "ఉత్త ఆకుల తీగ, పీకేసి బచ్చలి పెట్టుకుందాం" అన్నారు అత్తగారు. చిన్నాన్న కొడుకును అడిగితే నవ్వాడు. "అది నాటు అనప అన్నా, పగలు తగ్గితే తప్ప పూయదు. బెంగళూరు హెబ్బాళ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కొత్త రకాలైతే ఏ కాలంలో వేసినా కాస్తాయి, వాసన మాత్రం అంత రాదు. ఆగు" అన్నాడు. ఆగాను. కార్తీకంలో నిజంగానే తెల్లటి పూలగెలలు లేచాయి. వేలెడంత కాయలు దిగాయి. గింజ పట్టడానికి ఇంకో మూడు వారాలు చాలు, ఈసారి సంచి కోసం బస్ స్టేషనుకు వెళ్ళనక్కర్లేదు, ఒక్క పూటకైనా ఇంటి అనప తినవచ్చు అనుకున్నాను.

ఒక గురువారం ఆఫీసు నుంచి వచ్చి కంచం ముందు కూర్చుంటే కొబ్బరికోరు చల్లిన కూర ఒకటి వడ్డించారు. లేతగా, పచ్చగా, ఎక్కడో తెలిసిన వాసనతో ఉంది. బాల్కనీ వైపు చూశాను. తీగ మీద ఒక్క కాయ లేదు.

"చిక్కుడుకాయలు ముదిరిపోతున్నాయని కోసేశానండీ" అన్నారు అత్తగారు. "ఇంకొంచెం వేయమంటారా?"

వేయమన్నాను.