మైపాడు ఇసుకా, జిమ్‌లో బెల్టూ

రోహిణి కార్తెలో నెల్లూరులో తెల్లారి ఆరింటికే ఒళ్ళు తడిసిపోతుంది. అప్పుడు పరుగుకి ట్రెడ్‌మిలే మేలు. కాకపోతే వాలు సున్నాలో ఉంచొద్దు. బయట గాలిని తోసుకుంటూ పోవాలి, మెషిన్ మీద ఆ శ్రమ ఉండదు. కాస్త వేగంగా పరుగెత్తేవాళ్ళు ఒక శాతం ఎత్తు పెడితే లెక్క సరిపోతుందని 1996లో జోన్స్, డౌస్ట్ అనే పరిశోధకులు తేల్చారు.

ఎండలు తగ్గాక మాత్రం నేను మైపాడు బీచ్‌కే. అలలు తడిపిన ఇసుక గట్టిగా ఉంటుంది, పరుగు హాయిగా సాగుతుంది. పొడి ఇసుకలో అడుగు పడిందా, మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. పైగా ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒకే దిక్కుగా పోతే రెండు కాళ్ళకూ భారం సమానంగా పడదు. అందుకే వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. ట్రెడ్‌మిల్ బెల్టు మీద చీలమండకి ఇంత పని ఉండదు. నాకు ఆ పనే ఇష్టం.