రక్తం ఇవ్వడానికి నాలుగు అంతస్తులు ఎక్కాను

నిన్న నా ఎన్‌ఐపీటీ రిపోర్టు వచ్చింది. తల్లి రక్తంలో కలిసే శిశువు డీఎన్‌ఏను చూసి, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాల ముప్పును అంచనా వేసే పరీక్ష అది. ముప్పు తక్కువని ఉంది. అయితే ఇది రెండోసారి ఇచ్చిన రక్తం మీద వచ్చిన ఫలితం.

ఆ లోపాల కోసమే ముందుగా చేసే డబుల్ మార్కర్ రక్తపరీక్షలో సందేహం కనిపించడంతో డాక్టరమ్మ ఈ పరీక్ష రాశారు. పుట్టబోయేది ఆడో మగో అడగనని సంతకం చేయడం, డబ్బు కట్టడం పావుగంటలో ముగిశాయి. ఆ రోజు ల్యాబులో లిఫ్టు పనిచేయలేదు. మెట్రో నుంచి గబగబా నడిచి, నాలుగు అంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకముందే చెయ్యి చాచాను.

పది రోజులకు ఫోను వచ్చింది: శిశువు డీఎన్‌ఏ వాటా చాలలేదట, మళ్లీ రక్తం ఇవ్వాలట. వెళ్తే కౌంటరులోని అమ్మాయి వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, "లావుగా ఉన్నవాళ్లకు ఇలాగే అవుతుంది మేడం" అంది. బరువు ఎక్కువైతే ఆ వాటా తగ్గుతుందన్నది నిజమే. కానీ చెప్పులు విప్పించి, అందరి ముందూ నన్ను తూకం ఎక్కించాక ముల్లు 61 కిలోల దగ్గర ఆగింది. "అయితే నెలలు తప్పు లెక్కపెట్టుకున్నారేమో" అంది. పదో వారం నుంచే చేసే పరీక్ష ఇది, స్కానింగు ప్రకారం నాకు పన్నెండు నిండాయి. ఎలా వచ్చావు, ఎంతసేపు కూర్చున్నావు అని మాత్రం ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ అడిగారు. తల్లి రక్తంలో తేలియాడే డీఎన్‌ఏలో చాలా భాగం ఆమె సొంత రక్తకణాలదేనని, శిశువు వాటాగా లెక్కించేది మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే సుమారు పదో వంతని, అది 4 శాతం లోపు ఉంటే చాలా ల్యాబులు ఫలితం ఇవ్వవని చెప్పారు. ఒళ్లు అలిసేలా శ్రమిస్తే నిమిషాల్లోనే తల్లి భాగం కొన్ని రెట్లు పెరిగి, గంటా రెండు గంటల్లో మళ్లీ దిగుతుందట; మజ్జిగలో నీళ్లు ఎక్కువైతే వెన్న అంతే ఉన్నా పలుచనైనట్లు, ఆ కాసేపూ శిశువు వాటా పలుచబడుతుంది. రక్తంలో కణితి డీఎన్‌ఏ వెతికే క్యాన్సర్ పరీక్షలకూ ఇదే చిక్కట. "నీ విషయంలో ఇదే కారణమని ఖాయంగా అనలేనమ్మా, వారాలు పెరిగితే వాటా దానంతటదే పెరుగుతుంది కూడా. ఈసారి మాత్రం కూర్చుని ఇవ్వు" అన్నారు.

రెండోసారి ఆటోలో వెళ్లి గంటసేపు కూర్చున్నాను. మూడు టోకెన్లు వదులుకుంటే ఆ అమ్మాయి విసుక్కుంది. తీసిన రక్తంలో తెల్లకణాలు పగలకుండా ప్రత్యేకమైన గొట్టం కొంటారు గానీ, తీయబోయే మనిషికి కాసేపు కుర్చీ ఇవ్వడానికి మనసు రాదు. ఫారంలో బరువుకు, వారాలకు, కవలలకు గళ్లున్నాయి. అడుగున "గంట విశ్రాంతి తర్వాత తీసినది" అని నేనే రాశాను. గళ్లు లేనిచోట రాయకూడదంటూ ఆమె దాని మీద తెల్ల రంగు పూసింది.