ఒక మోచెయ్యి నడుము దగ్గరే

మొంథా తుఫాను 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నర్సాపురానికి దగ్గరలో తీరం దాటింది. మర్నాడు ఇంకా తెల్లవారకముందే, ఈదురుగాలి పూర్తిగా తగ్గకముందే, మా బాబాయి తన వాకిట్లో బొలేరో బండిలోకి బియ్యం బస్తాలు, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, టార్పాలిన్లు ఎక్కిస్తుంటే నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. సముద్రానికి దగ్గరగా ఉన్న మత్స్యకారుల పేటల నుంచి ఖాళీ చేయించినవారిని ముందురోజు మధ్యాహ్నానికే ఒక పాఠశాలకు చేర్చారు. ఆ సరుకంతా వారి కోసం. ఆఖరి బస్తా ఎత్తడానికి బాబాయి వంగినప్పుడు తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయి, నడుము కుడివైపున ఒక గట్టి ఆకారం టార్చి వెలుగులో బయటపడింది. అది రివాల్వరేనా అని అడగవలసిన అవసరం నాకు లేదు. అలాంటిదాన్నే నా నడుముకు కట్టుకుని నేనొకప్పుడు పదకొండు రోజులు వరదనీటిలో తిరిగాను.

"అదెందుకు బాబాయ్ ఇప్పుడు?" అన్నాను.

"ఉంటే నష్టమేముందిరా? దారిలో ఎవడెలాంటివాడో ఎవరికి తెలుసు? తొంభై ఆరులో ఏం జరిగిందో నువ్వూ చూశావుగా" అన్నాడు.

బాబాయికి రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో చేతిలో నగదు ఉంటుందని, ఆ కారణం చూపించి చాలా ఏళ్ళ క్రితమే పాయింట్ 32 రివాల్వరుకు లైసెన్సు తీసుకున్నాడు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆ లైసెన్సు ఉన్నవాడు దాన్ని వెంట ఉంచుకోవచ్చు. అయితే 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం పదిమంది తిరిగే చోట దాన్ని తగిన ఒరలాంటిదానిలో ఉంచాలి, పైకి కనిపించకుండా పూర్తిగా కప్పి ఉంచాలి. అంటే బాబాయి చేస్తున్నది చట్టవిరుద్ధం కాదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీసుస్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. 2024లో కూడా అలాగే అప్పగించాడు. దాని తోడు లేకుండా గడిచిన ఆ వారాల్లో ఆయనకు ఏ ఆపదా రాలేదన్న సంగతి నేను గుర్తు చేస్తే మాత్రం ఆయనకు నచ్చదు.

నా సంగతి వేరు. 2003లో హూస్టన్ వెళ్ళాను, 2021లో అమ్మ కోసం తిరిగి వచ్చేశాను. హెచ్-1బి వీసా మీద ఉన్నంతకాలం తుపాకీ కొనాలన్న ఆలోచనే రాలేదు. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులను పక్కన పెడితే, ఆ వీసాదారులు తుపాకీ కలిగి ఉండడాన్ని అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు మిత్రుల ప్రోద్బలంతో, ఒక రోజు పాఠం విని, బొమ్మమీద గురి చూపించి, వేలిముద్రలు ఇచ్చి, తుపాకీని దుస్తుల కింద దాచి వెంట తీసుకువెళ్ళే లైసెన్సు సంపాదించాను. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో చాలామందికి ఆ లైసెన్సు అవసరమే లేకుండా పోయింది గానీ, నేను చెబుతున్న రోజుల్లో అది తప్పనిసరి.

2017 ఆగస్టు 25వ తేదీ రాత్రి హార్వే హరికేన్ టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్ దగ్గర నేలను తాకింది. మన తుఫానులు తీరం దాటాక బలహీనపడి వెళ్ళిపోతాయి, అది వెళ్ళలేదు. ఆ చుట్టుపక్కలే రోజుల తరబడి తిరుగుతూ కురిసింది. నెదర్లాండ్ అనే ఊరిలో 60 అంగుళాలకు పైగా వాన నమోదైంది, అంటే మన కోనసీమలో మామూలుగా ఏడాది పొడవునా కురిసేదానికన్నా ఎక్కువ. హూస్టన్ పడమటివైపున అడిక్స్, బార్కర్ అని రెండు పాత జలాశయాలు ఉన్నాయి. వాటికి ఉన్నవి మట్టికట్టలే. మన ఏటిగట్ల సంగతి తెలిసినవారికి అంతకుమించి వివరించనక్కరలేదు. 28వ తేదీన ఆ జలాశయాల నీటిని కిందికి వదిలారు. కట్టకు ఎగువన కొన్ని వీధులు నిలవనీటిలో, దిగువన కొన్ని వీధులు వదిలిన నీటిలో మునిగాయి. మర్నాటి నుంచి నగరంలో అర్ధరాత్రి మొదలు తెల్లవారుజామున 5 గంటల వరకు కర్ఫ్యూ పెట్టారు. దోపిడీలు జరుగుతున్నాయనీ, పడవలను లాక్కుంటున్నారనీ ఫోనుల్లో వచ్చిన వార్తలకు అంతు లేదు. 2005లో కత్రీనా హరికేన్ వచ్చినప్పుడు న్యూఆర్లీన్స్‌లో పోలీసులు పౌరుల దగ్గర తుపాకులు తీసేసుకున్నారనీ, అలా మళ్ళీ జరగకుండా 2006లో ఏకంగా చట్టమే చేశారనీ మా మిత్రులు చెప్పుకునేవారు. అది నిజమే. విపత్తు వేళ తుపాకీ వెంట ఉండడం హక్కు మాత్రమే కాదనీ, కనీస జాగ్రత్త అనీ అక్కడ ఎంతోమంది నమ్ముతారు. నేనూ నమ్మాను కనుకనే అది కట్టుకుని వరద సహాయానికి బయలుదేరాను.

మొదటి రోజు మధ్యాహ్నానికే నాకు అర్థమైన విషయం ఒకటి ఉంది. తుపాకీ కట్టుకున్నవాడి కుడి మోచెయ్యి ఎప్పుడూ నడుముకు ఆనుకునే ఉంటుంది. పడవలోకి మనుషులను ఎక్కించేటప్పుడు భయంలో ఉన్నవారు చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటారు, చొక్కా గానీ బెల్టు గానీ. వాళ్ళ చెయ్యి అక్కడ పడకుండా నేను పక్కకు తిరిగేవాణ్ణి. ఇద్దరు కలిసి మోయవలసిన మంచాన్ని ఎడమవైపు నుంచే పట్టుకునేవాణ్ణి. ఆగస్టు ఉక్కలో అందరూ చొక్కాలు విప్పి పనిచేస్తుంటే నేను మాత్రం రెండు చొక్కాల మీద ఉన్నాను, ఒకటి తడిస్తే ఆకారం బయటపడుతుందని. లెక్కకు నేను ఒక మనిషినే గానీ, పనికి వచ్చింది సగం మనిషే.

హూస్టన్ శివారులోని కేటీ అనే ఊరి దగ్గర ఒక రెండంతస్తుల ఇంటి మెట్ల మీద నుంచి పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను వీపు మీద మోసుకుని దించాను. కొడుకు దగ్గరకు ఆరు నెలల కోసం వచ్చారట. ఆవిడలో భయం ఏమీ కనిపించలేదు. ఎనభై ఆరు వరదలో ఇంటి అటక మీద రెండు రాత్రులు గడిపినదాన్ని నాయనా, ఇదెంత అన్నారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పటి మాట అది. నీళ్ళలో నాలుగు అడుగులు వేశాక ఆవిడ మోకాలికి నా నడుము దగ్గర గట్టిగా తగిలింది. "అదేంటి నాయనా, గుచ్చుకుంటోంది?" అని అడిగారు. "ఫోనండి" అన్నాను. నేను ఫోను అని చెప్పిన మరుక్షణంలోనే నా అసలు ఫోను చొక్కా జేబులో మోగింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పడవ దిగేవరకు నా ముఖంలోకి చూడనూ లేదు.

అక్కడి చట్టం గురించి కూడా చెప్పాలి. తుపాకీతో లోపలికి రాకూడదని ఒక ఆవరణ యజమాని చట్టం చెప్పిన మాటల్లో, చెప్పిన సైజు అక్షరాల్లో బోర్డు పెడితే లైసెన్సు ఉన్నవాడు కూడా లోపలికి వెళ్ళరాదు. పాఠశాల భవనాల్లోకి అనుమతి లేకుండా అసలే తీసుకువెళ్ళరాదు. రెడ్‌క్రాస్ నడిపే ఆశ్రయ కేంద్రాల్లో ఆయుధాలు నిషిద్ధం. నిరాశ్రయులు ఎక్కడ ఉంటారు? పాఠశాలల్లోనూ, చర్చిల్లోనూ, ఆశ్రయ కేంద్రాల్లోనూ ఉంటారు. అంటే నేను సహాయం చేయడానికి వచ్చిన మనుషులు ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా నేను ఆగిపోవలసిందే. కారులో వదిలి వెళ్ళవచ్చు గానీ, ఆ కారు నీళ్ళ అంచున ఉంటుంది, నీళ్ళు పెరుగుతూ ఉంటాయి. పైగా కార్ల అద్దాలు పగులుతున్నాయన్న పుకార్ల వల్లే కదా నేను దాన్ని కట్టుకుని వచ్చింది. ఒక సాయంత్రం ఆశ్రయ కేంద్రానికి దుప్పట్లు తీసుకువెళ్ళి, లోపల చెయ్యి అందించేవారు చాలక కేకలు వేస్తుంటే, నేను బయట కారులో కూర్చుని ఉన్నాను. దుప్పట్లను ఎవరో కుర్రవాళ్ళు వచ్చి మోసుకువెళ్ళారు.

ఒకసారి బారికేడు దగ్గర పోలీసు ఆపాడు. తుపాకీ వెంట ఉన్నప్పుడు పోలీసు గుర్తింపుకార్డు అడిగితే లైసెన్సు కూడా చూపించాలని అక్కడి చట్టం. రెండు కార్డులూ కలిపి ఇచ్చాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, చేతులు స్టీరింగు మీద ఉంచమన్నాడు, నిమిషంలో పంపించేశాడు. ఆ నిమిషంలో నా గడ్డం, నా రంగు, నా యాస అన్నీ నాకు ఒక్కసారిగా బరువెక్కాయి. పడవలో నా వెంట ఉన్నవారిని ఇదే పోలీసు నవ్వుతూ పలకరించి పంపాడన్నది కూడా గుర్తుంది.

ఆ పదకొండు రోజుల్లో దాన్ని బయటకు తీయవలసిన సందర్భం ఒక్కటీ రాలేదు. మొసళ్ళ గురించి హెచ్చరించారు, అవి కనిపించలేదు. కనిపించినవి ఎర్రచీమలు, వేల చీమలు ఒకదానినొకటి పట్టుకుని ముద్దగా నీటి మీద తేలుతూ వచ్చి పడవ అంచుకు ఎక్కుతాయి. వాటి మీద రివాల్వరు పనిచేయదు.

బాబాయి చెప్పిన తొంభై ఆరు సంగతిని మాత్రం కొట్టిపారేయలేను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. భైరవపాలెం వైపున వేటకు వెళ్ళినవారి కోసం నెలల తరబడి ఎదురుచూసిన ఇళ్ళున్నాయి. కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి, వేళ్ళతో సహా లేచి రోడ్లకు అడ్డంగా పడ్డాయి. కాట్రేనికోన వైపు మేము వెళ్ళినప్పుడు మా దగ్గర ఉన్నవి గొడ్డళ్ళు, కత్తులు, మోకులు. కొబ్బరికాయలు దింపే కార్మికులు ముందు నడుస్తూ దుంగలు నరికితే మేము వెనుక లాగేవాళ్ళం. అప్పుడు సహాయపు లారీలను రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు ఆపి దింపుకున్న మాట నిజం. మా లారీని కూడా ఆపారు. పులిహోర పొట్లాలు సగం అక్కడే అయిపోయాయి, లోపలి పేటలకు సగమే చేరాయి. బాబాయి ఆ లారీ మీదే ఉన్నాడు. ఆయనకు అది దోపిడీగా గుర్తుండిపోయింది. నాకు గుర్తున్నది వేరు: ఆపినవారిలో ముందు నిలబడినది చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక ఆడమనిషి. ఆ ఊరికి అప్పటికి మూడు రోజులుగా ఎవరూ రాలేదు. ఆ రోజు లారీ మీద రివాల్వరు ఉండి ఉంటే దాన్ని ఎవరికి చూపించేవాళ్ళం?

ఆ తరువాతి తుఫానుల్లో మేము నేర్చుకున్నదేమిటంటే, సరుకు బయలుదేరే ముందే దారిలో ఉన్న ఊళ్ళ సర్పంచులకు కబురు చేయాలి, రోడ్డు పక్కవారికి ఇవ్వవలసినది ముందుగానే వేరు చేసి పెట్టుకోవాలి, ఆ ఊరి డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళను బండి ఎక్కించుకోవాలి. ఆ ఇద్దరూ ఉంటే బండిని ఎవరూ ఆపరు; ఆపినా వాళ్ళే దిగి మాట్లాడతారు.

ఇదంతా ఆ తెల్లవారుజామున వాకిట్లో నిలబడి చెప్పాను. బాబాయి ఓపికగా విన్నాడు. "నువ్వు అమెరికా సంగతి చెబుతున్నావు" అన్నాడు చివరకు. బీరువాలో పెట్టి తాళం వేసి రమ్మని పిన్ని కూడా అన్నది. ఆయన వినలేదు. ఆయన వయసుకు, బస్తాలన్నీ కొన్న మనిషికి, అంతకుమించి నేను చెప్పగలిగింది లేదు.

పాఠశాల గేటు దగ్గర బందోబస్తుకు ఉన్న కానిస్టేబులు బాబాయికి తెలిసినవాడే. నేను బండి దిగేముందు, పిల్లలు నిద్ర లేచి వరండా అంతా తిరుగుతున్నారనీ, గదుల్లో కాళ్ళు పెట్టే సందు లేదనీ చూపించి, "ఆ నడుముతో లోపలికి వద్దు బాబాయ్" అన్నాను. బండిలో వదిలి వస్తానన్నాడు. బండి తలుపుకు తాళం సరిగ్గా పడదని ఆయనకే గుర్తొచ్చింది. కానిస్టేబులుకు ఇద్దామంటే అది అతను పుచ్చుకునేది కాదు. కొంతసేపు స్టీరింగు ముందు అలాగే కూర్చున్నాడు. తరువాత డాష్‌బోర్డులోంచి రొయ్యల లెక్కలు రాసే పుస్తకం తీసి, అద్దం దించి, ఎన్ని బస్తాలు దిగుతున్నాయో, ఏ పేటవారికి ఎన్ని టార్పాలిన్లు వెళ్తున్నాయో పేర్లతో సహా రాయడం మొదలుపెట్టాడు. మూడు గంటలు కదలలేదు. ఎవరో పిల్లవాడు తెచ్చి ఇచ్చిన పులిహోర పొట్లం కూడా అక్కడే తిన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముమ్మిడివరం దాటాక, నిద్ర ముంచుకొస్తుంటే, మొత్తం ఎన్ని బస్తాలు దించామని నేను అడిగాను.

"నలభై రెండు" అన్నాడు బాబాయి, పుస్తకం చూడకుండానే. "రెండు తక్కువొచ్చాయి. ఆ రెండూ మన వాకిట్లోనే ఉండిపోయినట్టున్నాయిరా. నీతో వాదిస్తూ ఎక్కించడం మర్చిపోయాను."