ఈపోలో 28 రోజులు, చక్కెర లేని ఒక కాఫీ

మా అమ్మాయి ఉద్యోగం మలేషియాలో, ఈపో అనే ఊళ్ళో. కౌలాలంపూర్ నుంచి ఉత్తరంగా 200 కిలోమీటర్లు, రైల్లో రెండున్నర గంటలు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదన్నారు కదా, ఆ ధైర్యంతో కాకినాడ నుంచి ఒక్కదాన్నే బయల్దేరాను. అక్కడ ఉన్నది 28 రోజులు. అందులో తొమ్మిది రోజులు ఒక కాఫీ కోసం తంటాలు పడ్డానంటే ఇక్కడ మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది.

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. స్వీట్లు మానేశాను, అన్నం తగ్గించాను, కాఫీ మాత్రం మానలేదు. చక్కెర లేకుండా, పాలు పోసుకుని, పొద్దున ఒకటి, నాలుగింటికి ఒకటి. అమ్మాయి ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకి వెళ్ళిపోతుంది. వాళ్ళ ఫ్లాటు కింద వీధి మలుపులో ఒక కోపితియామ్ ఉంది. కోపి అంటే మలయ్ భాషలో కాఫీ, తియామ్ అంటే హొక్కియెన్ చైనీస్‌లో కొట్టు. రెండు భాషలు కలిపి ఒక పేరు. గుండ్రటి పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, పైన గిర్రున తిరిగే ఫ్యాన్లు. చూడగానే పాతకాలపు మన కాఫీ హోటల్లా అనిపించి ధైర్యంగా వెళ్ళి కూర్చున్నాను.

పావుగంటైనా నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఈలోగా ఇద్దరు ముసలాళ్ళు వచ్చి, నన్ను అడక్కుండానే నా బల్ల దగ్గరే కూర్చుని పేపర్లు విప్పారు. అది అక్కడ మామూలే, ఖాళీ కుర్చీ ఎవరిదైనా కావచ్చు. అసలు సంగతి సాయంత్రం అమ్మాయి చెప్తే తెలిసింది. ఆ కొట్టు ఒక్కరిది కాదు. తాగేవన్నీ కొట్టు యజమానివి. నూడుల్స్, అన్నం, రొట్టె అమ్మే బళ్ళు లోపలే చుట్టూ ఉంటాయి గానీ ఎవరి వ్యాపారం వాళ్ళది. తినేదానికి మనమే బండి దగ్గరికి వెళ్ళి చెప్పి, ఏ బల్లో చూపించి రావాలి. తెచ్చిపెట్టినప్పుడే ఎవరి డబ్బులు వాళ్ళకి ఇవ్వాలి. రెండో రోజు కాఫీ డబ్బులు నూడుల్స్ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకుని కాఫీ ఆయన వైపు తిప్పింది.

ఇక కాఫీ. "కాఫీ, నో షుగర్" అన్నాను. కాఫీ ఆయన సరేనన్నాడు. పొడుగ్గా మేజోడులా ఉన్న గుడ్డ సంచిలో పొడి వేసి, వేడినీళ్ళు ఎత్తునుంచి పోసి, చిక్కటి డికాక్షన్ తీశాడు. వాసన బ్రహ్మాండం. కప్పు తీసుకుని ఒక గుక్క తాగాను. పాయసం! చెంచాతో కలిపి చూస్తే అడుగున అంగుళం మందాన తెల్లటి జిగురు. మనం మిల్క్‌మెయిడ్ అంటామే, ఆ తీపి పాలు. ఆయన దృష్టిలో ఆయన అబద్ధం ఆడలేదు, చక్కెర వేయలేదు మరి. మర్నాడు "నో షుగర్, నో స్వీట్ మిల్క్" అన్నాను. నల్లటి కషాయం వచ్చింది. ఆ మర్నాడు "మిల్క్" అని ఒత్తి చెప్తే మళ్ళీ పాయసమే. నాలుగో రోజు విసుగొచ్చి, చాక్లెట్ రుచి ఉండే మైలో తాగాను. అది ఇంకా తీపి.

ఆ ఆదివారం అమ్మాయి పాత ఊరు చూపిస్తానని తీసుకెళ్ళింది. ఒకప్పుడు కింటా లోయలో తగరం గనుల వల్ల పెరిగిన ఊరు ఇది. అక్కడ ఒక వీధి పేరు బందార్ తిమా, తిమా అంటే తగరమే. 1937లో పెట్టిన సిన్ యూన్ లూంగ్, దానికి ఎదురుగా నామ్ హియోంగ్, ఈ రెండు కాఫీ కొట్లూ ఆ వీధిలోనే. దేశమంతా చెప్పుకునే ఈపో వైట్ కాఫీ తాగడానికి అక్కడ కుర్చీ దొరకాలంటే నిలబడాలి. వైట్ అంటే పాల తెలుపు కాదట, గింజల్ని మరీ నల్లగా మాడ్చకుండా వేయించడమట. నురగలు కక్కుతూ వచ్చింది. అది కూడా తీపి పాలతోనే. అమ్మాయి కప్పులోంచి రెండు చెంచాలు రుచి చూసి కప్పు వెనక్కి నెట్టేశాను. ఆ నెట్టడానికి ఎంత మనసు గట్టి చేసుకోవాలో షుగర్ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అమ్మాయి మాత్రం సగం ఉడికిన గుడ్లు రెండు సాసర్లోకి కొట్టుకుని, సోయా సాస్, తెల్ల మిరియాల పొడి వేసుకుని జుర్రుకుంది. నీచు వాసనకి నేను తల తిప్పుకున్నాను.

చిక్కు వీడింది లిటిల్ ఇండియాలో, లహత్ రోడ్డు వైపు, అరటాకు భోజనం పెట్టే తమిళ హోటల్లో. అన్నం, మూడు కూరలు, అప్పడం, రసం, అడిగినన్నిసార్లు వడ్డన. తిన్నాక ఆకు మనవైపే మడవాలి, మన ఇళ్ళల్లోలాగే. అమ్మాయితో నేను కాఫీ గొడవ చెప్పుకుంటుంటే పక్క బల్ల మీది ఒకావిడ, దాదాపు నా వయసే, "మీరు తెలుగువాళ్ళా అక్కా?" అంది. పెరాక్ రాష్ట్రంలోనే కింద బగాన్ దతుక్ వైపు వాళ్ళది. తాతల కాలంలో కొబ్బరి తోటల పనికి వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో మధ్యమధ్య మలయ్ మాటలు దొర్లుతున్నాయి గానీ యాస మాత్రం మా అమ్మమ్మది.

ఆవిడ చెప్పింది నేను చీటీ మీద రాసుకున్నాను. వట్టి "కోపి" అంటే తీపి పాలు వేసేస్తారు. "కోపి ఓ" అంటే నల్లది, పాలుండవు, చక్కెర ఉంటుంది. "కోపి సి" అంటే తీపి లేని డబ్బా పాలు, చక్కెర మళ్ళీ ఉంటుంది. ఆ సి అనే అక్షరం కార్నేషన్ అనే డబ్బా పాల పేరు నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. చక్కెర అస్సలు వద్దంటే చివర "కోసోంగ్" అనాలి. కోసోంగ్ అంటే సున్నా, ఖాళీ. కాస్త తగ్గించమంటే "కురాంగ్ మనిస్". ఐసు కావాలంటే "ఐస్". "అక్కా, నీకు కావాల్సింది కోపి సి కోసోంగ్" అని మూడుసార్లు నాచేత పలికించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అన్నాను. కాఫీ ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, లోపలికి అదే మాట కేక వేశాడు. వచ్చింది. పాలున్నాయి, తీపి లేదు. తొమ్మిది రోజుల తర్వాత నోట్లో కాఫీ రుచి! చేదు మాత్రం మన చికోరీ కాఫీ కంటే రెండింతలు.

గెలిచానన్న ఊపులో రాత్రి మామక్ హోటల్లో తప్పులో కాలేశాను. మామక్ అంటే తమిళ ముస్లింల హోటళ్ళు, చాలావరకు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి. గోడ మీది బోర్డులో "రోటి కోసోంగ్" చూసి, "అబ్బ, షుగర్ వాళ్ళకి రొట్టె కూడా పెట్టారే" అన్నాను. అమ్మాయి టీ పొలమారి దగ్గింది. అది వట్టి పరోటా, లోపల గుడ్డూ ఉల్లిపాయా ఏమీ లేనిదని. మైదా, నూనె, దాని మీద పప్పు. షుగర్ వాళ్ళకి అంతకంటే పనికిరానిది ఉండదు. తిన్నాననుకోండి. రెండు రింగ్గిట్లు కూడా కాలేదు. మన లెక్కలో అప్పట్లో రింగ్గిట్ 20 రూపాయలకి కాస్త అటూ ఇటూ.

అక్కడ సర్వర్‌ని అందరూ "బాస్" అనో "అన్నే" అనో పిలుస్తారు. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి అన్నా అనడానికి నాకు నోరు రాలేదు. "బాబూ" అన్నాను. పలికాడు.

శనివారం నేను నీచు ముట్టను. అమ్మాయి లేని ఒక శనివారం, వరసగా పాతిక కూరలు పెట్టి ఉండే అన్నం కొట్టుకి వెళ్ళాను. మనకి కావాల్సింది మనమే వడ్డించుకోవచ్చు, ఆవిడ పళ్ళెం వంక ఒక్క చూపు చూసి ధర చెప్తుంది. ఎలా లెక్క వేస్తుందో ఇప్పటికీ అర్థం కాలేదు. పచ్చగా నిగనిగలాడుతూ తూటికూర వేపుడు కనిపించింది. ఆకుకూరే కదా అని వేసుకున్నాను. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, ఎండు రొయ్యలు! బెలచాన్ అని రొయ్యల్ని పులియబెట్టిన ముద్ద, అక్కడ ఆకుకూరలో కూడా వేస్తారు. కాకినాడ దాన్ని, ఆ రుచి నాకు కొత్తా? ఉమ్మేయాలి. ఉమ్మలేదు. స్వామికి లెంపలు వేసుకుని పళ్ళెం ఖాళీ చేశాను.

ఒకరోజు ఏసీ కేఫ్‌కి కూడా వెళ్ళాం. అక్కడ "నో షుగర్" అంటే నో షుగరే, చీటీతో పని పడలేదు. బిల్లు మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆరు శాతం పన్ను. కింద కొట్లో ఐదు కాఫీలు తాగే డబ్బుకి ఒక కప్పు. బొమ్మ గీసిన నురగ, చప్పటి పాలు. మళ్ళీ వెళ్ళలేదు.

దానికంటే యౌ తెత్ షిన్ వీధిలో రాత్రిపూట తిన్న కోడి, మొలకలు నయం. అవి మన పెసర మొలకలే గానీ పొట్టిగా, లావుగా, కరకరలాడుతూ ఉంటాయి. ఊరి చుట్టూ సున్నపురాతి కొండలున్నాయి, ఆ నీళ్ళ మహిమ అంటారు.

చివరి వారానికి పార్శిల్ కూడా నేర్చుకున్నాను. "బుంగ్‌కుస్" అంటే కాఫీని ప్లాస్టిక్ సంచిలో పోసి, ఒక పక్క తాడు కట్టి, స్ట్రా గుచ్చి ఇస్తారు. వేలికి తగిలించుకుని, ఊపుకుంటూ లిఫ్టు ఎక్కేదాన్ని.

బయల్దేరే ముందు రాత్రి చెల్లెలికని నల్ల కాఫీ పొడి ప్యాకెట్లు రెండు కొన్నాను, నాకొకటి. సూట్‌కేసు సర్దుతూ అమ్మాయి ప్యాకెట్ వెనక చదివి ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో ఏమున్నాయో తెలుసా? కాఫీ గింజలు, చక్కెర, మార్జరిన్."

గింజలు వేయించేటప్పుడే చక్కెర వేసి వేయిస్తారట, అందుకే ఆ నలుపు, ఆ చేదు. వైట్ కాఫీ గింజలకి మార్జరిన్ ఒక్కటే, చక్కెర వెయ్యరట. నేను రెండు చెంచాలతో వెనక్కి నెట్టేసింది అది.

ప్యాకెట్ అమ్మాయి చేతిలోంచి తీసుకుని, చీరల మధ్య సర్ది, జిప్ వేసేశాను.