సమురాయ్ చేతులకి అమ్మమ్మ బొంతకుట్టు

మేముండేది టోక్యోలో, నిషికసాయ్ దగ్గర. మనవాళ్లు బానే ఉంటారిక్కడ, కందిపప్పు కరివేపాకు అన్నీ దొరుకుతాయి, అయినా పిల్లలు స్కూల్ నుంచి రాగానే వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది జపనీసే. ఈసారి మే 5న పిల్లల పండక్కి మా వాడు అట్టతో సమురాయ్ కవచం, అదే పాతకాలపు జపాన్ యోధులు వేసుకునేది, చేసుకుంటానన్నాడు. తెలిసినవాళ్లు కొందరు కృష్ణుడి వేషమో అల్లూరి వేషమో వెయ్యొచ్చుగా అన్నారు. వాడు పుట్టి పెరిగింది ఇక్కడ, ఈ పండగ వాడిది కూడా, కాదనడానికి నాకు మనసొప్పలేదు.

ఛాతీ, నడుము భాగాలు వాళ్ల నాన్న చూసుకున్నారు, చేతులు నా వంతు. వీటిని కొతే అంటారు. ఉఎనో మ్యూజియంలో అద్దం వెనక చూస్తే మనకి ఇనప రేకులు, గొలుసు అల్లికే కనపడతాయి గానీ వాటన్నిటినీ పట్టి ఉంచేది కింద ఉన్న గుడ్డ తొడుగే, చెమట పీల్చేదీ అదే. పూర్వం విలుకాళ్లు ఎడమ చేతికి ఒక్కదానికే వేసుకునేవాళ్లంట, కుడి చెయ్యి వింటినారి లాగడానికి ఫ్రీగా ఉండాలని. ఇది మా వాడే చెప్పాడు, చెప్పి మళ్లీ నాకు మాత్రం రెండూ కావాలన్నాడు.

నిప్పోరిలో గుడ్డల షాపుల వీధికెళ్లి ముదురు నీలం కాటన్ తెచ్చాం, లోపలికి మా అమ్మ పాత మంగళగిరి చీర, మధ్యలో పల్చగా దూది. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో కూర్చుంది. "ముందు పెద్ద పెద్ద టాకాలు వెయ్యవే, దూది కదలదు, తర్వాత రెండు వేళ్ల ఎడంతో బొంతకుట్టు కుట్టుకుంటూ పో. మోచేతి మడత దగ్గర దూది తీసెయ్, లేకపోతే పిల్లాడు చెయ్యి వంచలేడు" అంది. కవచం అంటే ఏంటో ఆవిడకి పెద్దగా పట్టలేదు, బొంత కుట్టడం మాత్రం కొట్టినపిండి.

మా వాడు కూడా ఒక సూది తీసుకున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే "బాగున్నా అమ్మమ్మా" అని పారిపోయేవాడు, ఆరోజు కుట్టుకుంటూ కుట్టుకుంటూ నువ్వు ఎవరెవరికి బొంతలు కుట్టావు, దూది ఎక్కడ కొనేదానివి, సూది గుచ్చుకుంటే ఏం చేసేదానివి అని అడుగుతూనే ఉన్నాడు, మాట తెలీకపోతే గుడ్డ కెమెరాకి చూపించేవాడు, ఆవిడ చెప్పేది, ఎవరూ కుట్టు ఆపలేదు. ఎదురుగా కూర్చోబెట్టి తెలుగు మాట్లాడరా అంటే పిల్లలు బిగుసుకుపోతారు, చేతిలో పనుంటే మాట దానంతటదే వస్తుంది, ఇది నేను గట్టిగా నమ్ముతున్నా.

చేతి లోపలివైపు కుట్టు మూసెయ్యలేదు, అసలువాటిలో కూడా అక్కడ తాడుతో బిగిస్తారు, ఎదిగే పిల్లలకి అదే మంచిది, వచ్చే ఏడు తాడు వదులు చేస్తే సరిపోతుంది. అరచేతి వెనక భాగానికి లోపల రెండు ఉంగరాల్లాంటి తాళ్లు, ఒకటి బొటనవేలికి, ఒకటి మధ్యవేలికి. రంగేసిన అట్టరేకులు అన్నిటికన్నా చివర్న కుట్టాలి, ముందే కుడితే ఆ మందంలోంచి సూది దిగదు. ఎడమది అయిపోయింది. కుడిదానికి చీర చాలట్లేదు, ఇంకోటి పంపిస్తానంది అమ్మ.