మూడేళ్ళ కడుపునొప్పికి అసలు కారణం: నా అనుభవం

నిన్న సాయంత్రం నెల్లూరు ల్యాబ్‌ నుంచి రిపోర్టు వచ్చింది. నెగెటివ్. ఈసారి నమ్మదగిన నెగెటివ్. మూడేళ్ళు పడ్డ బాధ, దానికి మించి ఒంగోల్లో పడ్డ అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతుని, ఆకు ఎండబెట్టే బ్యారన్లు రెండున్నాయి. సీజన్లో రాత్రిళ్ళు బ్యారన్ దగ్గర నేనే ఉంటాను. 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకుని పసుపెక్కించి, మెల్లమెల్లగా 160 దాకా వేడి పెంచి ఈనె ఎండబెట్టాలి. ఒక్క రాత్రి కునుకు పడితే చాలు, వారం రోజుల కష్టం పాడవుతుంది. ఇరవై రెండేళ్ళలో నా చేతి కింద ఆకు కమిలింది లేదు. ఈ మాట గర్వంగానే చెప్తాను.

నొప్పి మొదలైంది కూడా అలాంటి ఒక రాత్రే. బొడ్డుకి పైన, వేలు పెట్టి చూపించగలిగే చోట, కాల్చినట్టు మంట. సరిగ్గా ఒంటిగంట, రెండు మధ్య నిద్రలోంచి లేపేది. నాలుగు బిస్కెట్లు తింటే ఒక గంట తగ్గేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు, పరగడుపున వేసుకోమని బిళ్ళ ఇచ్చాడు. వేసుకుంటే నెమ్మదించేది, ఆపితే మళ్ళీ వచ్చేది. అలా రెండున్నరేళ్ళు మింగాను. అమ్మ దిష్టి తీసింది. మా ఆవిడ నా కూరలో కారం మానేసింది. గోంగూర లేదు, ఎండుచేపలు లేవు. చప్పిడి పప్పు, మజ్జిగన్నం. అయినా రాత్రి ఒంటిగంటకి మెలకువ తప్పలేదు.

పోయిన ఏడాది ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. పేరు చెప్పను. కడుపు స్కానింగు తీశారు, రక్తపరీక్షలు చేశారు, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందేమోనని మలపరీక్ష రాశారు. అన్నీ బాగానే ఉన్నాయని వచ్చింది. రిపోర్టులు పట్టుకుని రెండోసారి లోపలికి వెళ్ళాం.

అది గది అన్నమాటే గానీ నా వెనకాల ఇంకో నలుగురు రోగులు నిలబడి ఉన్నారు. డాక్టరు కాగితాలు తిరగేసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"రోజుకెంత తాగుతావయ్యా?"

"నాకు అలవాటు లేదండీ."

"అందరూ ఇదే మాట. క్వార్టరా, హాఫా?"

మళ్ళీ లేదన్నాను. మా ఆవిడ కూడా "మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ" అంది. ఆయన ఆమె వైపు తిరిగి, "నువ్వు దాస్తే పోయేది నీ పసుపు కుంకుమలేనమ్మా" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. కాంపౌండరు కూడా నవ్వాడు. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

మా నాన్న తాగుడుతోనే పోయాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆయన్ని మోసుకెళ్ళిన రోజు నుంచి ఈ రోజు దాకా ఆ సీసా ముట్టలేదు. పెళ్ళిళ్ళలో బావమరుదులు బతిమాలినా, వేలంలో మంచి రేటొచ్చిన రోజు స్నేహితులు కూర్చోబెట్టినా ముట్టలేదు. అలాంటి మనిషిని నలుగురిలో నిలబెట్టి, మెడికల్ రిపోర్టు ఆధారం ఒక్కటి కూడా లేకుండా తాగుబోతుని చేశాడు. నిద్ర పట్టడానికని ఒక బిళ్ళ, దాంతోపాటు అదే గ్యాస్ బిళ్ళ రాశాడు. ఫైల్లో చివర ఇంగ్లీషులో ఏదో రాశాడు. ఇంటికొచ్చాక ఇంటర్ చదివే మా అమ్మాయి చదివింది. "మద్యం మానమని చెప్పడమైనది" అని అర్థమట. చదివి, నా మొహంలోకి చూసి, "నాన్నా, నువ్వు?" అంది. అంతకుమించి అడగలేదు. ఆ చూపు కడుపులో మంట కన్నా ఎక్కువ బాధపెట్టింది.

రోగం తెలియకపోవడం తప్పు కాదు. తెలియనప్పుడు ఆ తెలియనితనాన్ని రోగి గుణం మీదికి నెట్టడం మాత్రం తప్పే. ఎంత చదివినవాళ్ళు చేసినా తప్పే.

ఆ కోపంతో ఆ డాక్టరు రాసిన అన్ని బిళ్ళలూ పెరట్లో పారేశాను. ఒక నెల ఏ గ్యాస్ మందూ వేసుకోలేదు. నొప్పి రెట్టింపయింది. ఒక రోజు విరోచనం తారులాగా నల్లగా, జిగటగా అయింది. మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు మా బావ నన్ను బలవంతంగా నెల్లూరు తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ నన్ను మొదట అడిగిన ప్రశ్న వేరు. "మీరు ఏ కారణానికైనా, ఏ బిళ్ళయినా, రోజూ వేసుకుంటారా?" నడుం నొప్పికి రాత్రి ఒక బిళ్ళ వేసుకుంటానని చెప్పాను. బ్యారన్లో కర్రలెత్తే పని, నడుం పట్టేస్తుంది. ఖాళీ కడుపున టీతో వేసుకునేవాణ్ణి. మరీ ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఎన్నేళ్ళుగా అని అడిగింది. నాలుగేళ్ళన్నాను. మూడేళ్ళలో ఆ ప్రశ్న నన్నడిగిన మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు ఎండోస్కోపీ చేశారు, అంటే గొంతులోంచి కెమెరా గొట్టం దించి లోపల చూడడం. గొంతులో మందు కొట్టారు, ఎడమవైపు పడుకోబెట్టారు, పది నిమిషాల్లో అయిపోయింది. చిన్నపేగు మొదట్లో పుండు ఉంది, దానిలోంచే రక్తం కారిందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్ష మందులో వేస్తే ఆ మందు పసుపు రంగు గులాబీకి మారింది. అంటే ఒంగోల్లో లేదన్న క్రిమి ఉంది.

మరి ముందు లేదని ఎందుకొచ్చిందని అడిగాను. గ్యాస్ బిళ్ళ వేసుకుంటూ పరీక్ష చేయిస్తే క్రిమి ఉన్నా కనపడకపోవచ్చునట. పరీక్షకి రెండు వారాల ముందు ఆ బిళ్ళ ఆపాలి, యాంటీబయాటిక్ అయితే నాలుగు వారాల ముందు. ఒంగోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. స్కానింగులో పుండు మామూలుగా కనపడదట, ఆ డబ్బు కూడా దండగే. ఇక నొప్పి బిళ్ళలు కడుపు గోడని కాపాడే జిగురు పొరని పలచన చేస్తాయి. సూదిగా వేసుకుంటే కడుపుకి తగలదని నేను నమ్మాను. మందు రక్తంలో కలిశాక అదీ ఇదీ ఒకటేనట. కారం మంటని పెంచుతుందే గానీ పుండు పెట్టదు.

పూర్వం డాక్టర్లు కూడా పుండుకి కారణం టెన్షన్, కారం అనేవారట. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఈ క్రిమిని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి ఈ క్రిమిని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. ఇదంతా మా అమ్మాయి ఫోన్లో వెతికి చదివి వినిపించింది.

నాలుగు రకాల మందులు, 14 రోజులు. నోరంతా ఇనుము రుచి. ఆ మందుల్లో ఒకటి బిస్మత్, దానివల్ల విరోచనం నల్లగానే అవుతుంది, భయపడొద్దని ముందే చెప్పారు. ఇంకొకటి టెట్రాసైక్లిన్, అది వేసుకున్నప్పుడు పాలు తాగొద్దన్నారు. ఐదో రోజు వికారంతో ఆపేద్దామనుకున్నాను, సగంలో ఆపితే క్రిమి మొండికెక్కుతుందని మా ఆవిడ దగ్గర కూర్చుని మింగించింది. నొప్పి బిళ్ళ పూర్తిగా మానేశాను. నడుముకి కాపడం, వ్యాయామం, కర్రలెత్తడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. రక్తం పట్టడానికి ఐరన్ బిళ్ళలు ఇంకా వాడుతున్నా. పుండు మానిందని చెప్పాక గ్యాస్ బిళ్ళ ఆపి, రెండు వారాలు ఆగి, అదే మలపరీక్ష మళ్ళీ చేయించాను. ఆ రిపోర్టే నిన్న వచ్చింది.

మీలో ఎవరైనా నెలల తరబడి గ్యాస్ బిళ్ళ మీద బతుకుతుంటే, మింగే ప్రతి బిళ్ళ ఖాళీ అట్టా సంచిలో వేసుకుని డాక్టరు ముందు గుమ్మరించండి. అడిగేదాకా ఆగొద్దు. నల్లటి విరోచనం, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఊళ్ళో బిళ్ళలతో ఒక్క రోజు కూడా గడపొద్దు. లోపలికి భార్యనో కొడుకునో తీసుకెళ్ళండి, మీ మాటకి సాక్ష్యం ఉంటుంది. నాకు సాక్ష్యం ఉన్నా నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి.

సోమవారం ఒంగోలు వెళ్తున్నాను. గొడవకి కాదు. రెండు రిపోర్టులూ బల్ల మీద పెట్టి, ఆ ఫైల్లో చివరి లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టమని అడుగుతాను. మా ఆవిడ కూడా వస్తానంటోంది.