మా చుక్కకు నేలలో కంచె వేసిన అనుభవం

పోయిన మాఘమాసంలో మా చుక్క ఒక గొర్రెపిల్ల తొడ పట్టుకుంది. కాపరి తాత ఆ పిల్లను భుజాన వేసుకొని మా గేటు దగ్గరకు వచ్చాడు. తిట్టలేదు. దాన్ని అరుగుమీద పడుకోబెట్టి, "టీచరమ్మా, మీ కుక్క చెడ్డది కాదు. కానీ నా మందకు ఈ బాట తప్ప ఇంకో బాట లేదు" అన్నాడు. గొర్రెపిల్లను పశువుల దవాఖానాకు తీసుకువెళ్లి కుట్లు వేయించాను. తాతకు ఇవ్వవలసింది ఇచ్చాను. ఆయన నాలుగు మాటలు అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఏమీ అనకపోవడం వల్లే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి చుక్క మెడకు గొలుసు పడింది. నుదుట తెల్లచుక్కతో పుట్టిన ఊరకుక్క అది. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు వాన నీటిలో తడుస్తూ మా మోటారు గదిలోకి వచ్చింది. మూడేళ్లు తోటంతా స్వేచ్ఛగా తిరిగిన ప్రాణిని రెండు గజాల గొలుసుకు కట్టేస్తే, రాత్రంతా ఏడ్చి పగలంతా గోడకు తిరిగి పడుకునేది. అన్నం గిన్నె నిండుగానే ఉండిపోయేది. ఇంకో దారి వెతకక తప్పలేదు.

మాది నల్లగొండ నుంచి హాలియా వెళ్లే రోడ్డుకు కిలోమీటరు లోపల బత్తాయి తోట. ఇంటి చుట్టూ ఉన్న జాగా 20 గుంటలు. మూడు వైపులా రాతి కడీలు పాతి ముళ్లతీగ కట్టాము, నాలుగో వైపు గేటూ బండ్ల బాటా. ముళ్లతీగ కింద నుంచి చుక్క పాము పాకినట్టు పాకి పోయేది. జాలీ వేస్తే కింద గొయ్యి తవ్వింది. చుట్టూ ప్రహరీ కట్టడానికి మేస్త్రీ చెప్పిన లెక్క 6 లక్షలు దాటింది. అప్పుడు హైదరాబాదులో ఉండే మా అక్క కొడుకు, "పిన్నీ, నేలలో తీగ పాతే కంచె ఒకటి ఉంది" అని చెప్పి, తానే తెప్పించి పంపాడు. తీగతో కలిపి 14 వేలలోపే అయింది.

ఇది పనిచేసే తీరు మొదట సరిగా తెలుసుకోవాలి. నేనే తప్పుగా అనుకున్నాను. గోడకు బిగించే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన తీగ జాగా చుట్టూ తిరిగి మళ్లీ ఆ పెట్టెకే చేరాలి. మధ్యలో ఎక్కడా తెగకూడదు. ఆ తీగలో ప్రవహించేది చాలా బలహీనమైన రేడియో సంకేతం మాత్రమే. కుక్క మెడపట్టీలో ఉన్న చిన్న పరికరం ఆ సంకేతాన్ని అందుకుంటుంది. తీగకు కొన్ని అడుగుల దూరంలోకి రాగానే పట్టీ కీచుమంటుంది. ఇంకా ముందుకు పోతే పట్టీలోని రెండు లోహపు మొనల నుంచి మెడకు చురుకు తగులుతుంది. ఆ చురుకు పట్టీలోని బ్యాటరీది, తీగది కాదు. ఎంత దూరంలో కూత మొదలవ్వాలో పెట్టెమీది మీటతో మార్చుకోవచ్చు.

మెడకు చురుకు అనగానే నా మనసు ఒప్పుకోలేదు. వేల్స్ దేశంలో 2010లోనే ఇలాంటి పట్టీలను నిషేధించారని చదివాను కూడా. అందుకే చుక్క మెడకు పెట్టేముందు నా ముంజేతికి పెట్టుకొని చూశాను. అన్నిటికన్నా తక్కువ మెట్టులో పెట్టి, తీగ దగ్గరకు నడిచాను. మొదట కూత, ఆ తరువాత చీమ కుట్టినట్టు ఒక్క చిటుకు. మూడో మెట్టులో చేయి దానంతట అదే వెనక్కి లాగుకుంది. అక్కడే ఆగిపోయి, మొదటి మెట్టు దాటి ఎప్పుడూ పెంచకూడదని నిర్ణయించుకున్నాను. పిరికి కుక్కలకు, ఆరు నెలల లోపు పిల్లలకు, మనుషుల మీద పడే కుక్కలకు ఇది పెట్టకూడదని నా అభిప్రాయం. మా చుక్కకు గొర్రెలను తరమడం ఒక ఆట, అంతే. కోపం లేని కుక్క.

ఎండాకాలం సెలవులు రాగానే తీగ పని మొదలుపెట్టాము. చుట్టుకొలత 180 మీటర్ల పైచిలుకు వచ్చింది. పెట్టెతో వచ్చిన తీగ 150 మీటర్లే, కనుక ఇంకో చుట్ట కొన్నాము. తీగను రెండు మూడు అంగుళాల లోతులో పెడితే చాలు. మా చిన్నాయన ఎద్దులతో వచ్చి నాగలిని పైపైన పట్టి చాలు తీశాడు. బత్తాయికి నీరూ బలమూ పీల్చే సన్నవేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి చెట్ల వైపు మాత్రం నాగలి ఆపి పారతో గీకాము. ఉత్తరం వైపు రాతిబండ దగ్గర గడ్డపారతో ఒకపూట పట్టింది. ముళ్లతీగ వెంట ఆనుకొని వేయకుండా మూడు నాలుగు అడుగులు లోపలికి జరిపాము, ఇనుపతీగ పక్కనే ఉంటే సంకేతం దానిలోకి పాకుతుంది. మూలల్లో తీగను చటుక్కున మలచకుండా గుండ్రంగా తిప్పాలి, లేకపోతే ఆ మూలలో సంకేతం పలచబడి కుక్కకు సందు దొరుకుతుంది. బోరు మోటారు కేబులుకు ఐదడుగుల ఎడం ఉంచాము. దాటక తప్పని చోట అడ్డంగా, నేరుగా దాటించాము. గేటు కింద బండ్లు తిరుగుతాయి కాబట్టి అరంగుళం పీవీసీ పైపులో నుంచి తీసుకువెళ్లాము.

ఈ పనిలో నాకు బాగా గుర్తుండిపోయింది తీగ పేనడం. ఇంటి గోడ నుంచి సరిహద్దు దాకా పోయే తీగ, తిరిగి వచ్చే తీగ రెండింటినీ తాడులా పెనవేయాలి. అలా పేనితే ఒకదాని సంకేతాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది, ఆ భాగం మీదుగా కుక్క భయం లేకుండా నడవవచ్చు. పేనకపోతే వాకిట్లోనే ఇంకో కంచె మొలిచినట్టు అవుతుంది. అడుగుకు పది పన్నెండు మెలికలు పడాలి. చేత్తో మొదలుపెడితే వేళ్లు బొబ్బలెక్కాయి. మా ఆయన రెండు కొసలను వరండా స్తంభానికి కట్టి, ఇవతలి కొసలను డ్రిల్లింగ్ మిషన్ నోట్లో బిగించి మీట నొక్కాడు. ముప్పై అడుగుల తీగ గిరగిరా తిరుగుతూ కళ్లముందే సన్నని తాడయింది. మా అత్తమ్మ వచ్చి వేలితో మెలికలు తడిమి చూసి, "జడ అల్లినట్టే ఉంది" అన్నది.

పని సగంలో ఉండగానే ఊళ్లో మాట పుట్టింది, టీచరమ్మ తోట చుట్టూ కరెంటు తీగ పాతింది అని. ఆ భయం ఉత్తది కాదు. అడవిపందుల కోసం దొంగచాటుగా పొలాలకు కరెంటు పెట్టి, ఆ తీగ తగిలి మనుషులూ పశువులూ చనిపోయిన ఇళ్లు మా ప్రాంతంలో ఉన్నాయి. సాయంత్రం కాపరి తాత ఒక్కడే వచ్చాడు. "తీగ మీద నా గొర్రె కాలు పెడితే?" అని అడిగాడు. ఆయన భయం చూస్తే గొంతు పూడుకుపోయింది. తాతను పెట్టె దగ్గరకు తీసుకువెళ్లి, మీట వేసి ఉండగానే తీగ కొసను చేత్తో పట్టుకొని చూపించాను. "తాతా, దీనిలో చంపే కరెంటు లేదు. పట్టీ వేసుకున్న కుక్కకు తప్ప ఇది ఎవరికీ తగలనే తగలదు" అన్నాను. తాత తన కర్ర పక్కన పెట్టి, తానూ ఆ కొసను పట్టుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకొని ఉండి, "సరే తల్లీ" అన్నాడు. ఆయన నోటితోనే ఊరికి ఆ సంగతి తెలిసింది. ఇలాంటి పని పెట్టుకునేవారు తీగ పాతకముందే చుట్టుపక్కల వాళ్లను పిలిచి చూపించాలి. నేను ఆలస్యం చేశాను.

తీగ పని మూడు రోజుల్లో అయిపోయింది. చుక్కకు నేర్పడానికి నెల పైనే పట్టింది. నేలలో ఉన్న తీగ కుక్కకు కనిపించదు కదా, అందుకని గీత పొడవునా కూత మొదలయ్యే చోట మూడు మూడు గజాలకు తెల్లజెండాలు గుచ్చాలి. పెట్టెతో వచ్చినవి చాలక పాత తెల్లపంచె చింపి పుల్లలకు కట్టాము. మొదటి వారం పట్టీ మొనలకు టేపు చుట్టి, కూత మాత్రమే వినిపించేలా చేశాను. పొడవైన తాడు కట్టి జెండాల వైపు నడిపించడం, కూత రాగానే "వెనక్కి" అంటూ ఇంటి వైపు పరుగెత్తడం, వచ్చాక ఉడికించిన గుడ్డు ముక్క పెట్టి వీపు నిమరడం. ఒక్కోసారి పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. మే నెల ఎండకు పొద్దున ఐదున్నరకు ఒకసారి, ఏడింటికి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. నాలుగో రోజుకే కూత వినగానే చుక్క తనంతట తాను వెనక్కి తిరిగి నా చేతివైపు చూసింది. రెండో వారంలో టేపు తీసి మొదటి మెట్టు పెట్టాను. చురుకు తగిలింది మొత్తం మూడుసార్లు. మొదటిసారి అది కుయ్యిమని నా కాళ్ల మధ్యకు దూరినప్పుడు పట్టీ విప్పి పారేద్దామనిపించింది. గొలుసు గుర్తుకు తెచ్చుకొని ఆగాను.

నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి ఉంది. పదిహేనో రోజున, ఇక నేర్చుకుంది కదా అని తాడు విప్పి వదిలాను. కోతుల గుంపు తోటలో దిగింది. చుక్క వాటి వెంటపడి ఒక్క ఉరుకులో గీత దాటింది. ఉద్రేకంలో ఉన్న కుక్కకు చురుకు తెలియనే తెలియదు. కోతులు చెట్లెక్కి పోయాయి. అది తిరిగి వచ్చి, గీతకు అవతల, జెండాకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఒక అడుగు వేస్తుంది, కూత వినిపిస్తుంది, వెనక్కి జరుగుతుంది. నేను పిలుస్తున్నాను. తోక కాళ్ల మధ్య పెట్టుకొని, ముందరి కాలు గాలిలో ఎత్తి, ఇంటివైపే చూస్తూ వణుకుతోంది. బయటకు పోనీయని కంచె లోపలికి రానివ్వడమూ లేదు. పరుగెత్తి పెట్టె ఆపి, వెళ్లి పట్టీ విప్పి, ఎత్తుకొని లోపలికి తెచ్చాను. ఆ తరువాత ఇంకో రెండు వారాలు తాడు విప్పలేదు. మా చిన్నాయన మేకను గీత అవతల నిలబెట్టి, బంతి దొర్లించి, ఆశ చూపిస్తూ ఆగడం నేర్పాను. అది కుదిరాకే వారానికి కొన్ని చొప్పున జెండాలు తీశాను.

జూన్ తొలి వానకు పెట్టె ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. తీగ తెగిందని దాని అర్థం. 180 మీటర్లు తవ్వి చూడలేము. పెట్టె నుంచి కొత్త తీగ ఒకటి నేలమీదుగా గేటు దగ్గరి జాయింటు దాకా లాగి, సగం చుట్టును మాత్రమే కలిపి చూశాము. కూత ఆగింది, అంటే ఆ సగం బాగుంది. మిగిలిన సగంలో రెండు చుట్టల తీగలు కలిసిన జాయింటు తవ్వితే, పచ్చటి చిలుము పట్టి రాగి పొడిపొడిగా రాలింది. పాతేటప్పుడు అక్కడ మామూలు టేపు చుట్టి వదిలేశాము. నీరు చొరని జెల్ నింపిన మూతలు పెట్టెతోనే వచ్చాయి, వాటిని వాడాలి. ఇప్పుడు ప్రతి జాయింటు మీదా గుర్తుగా ఒక తెల్లరాయి పెట్టాను. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకి, రెండు తీగలనూ పెట్టె నుంచి విప్పేస్తాను. కరెంటు పోయినప్పటి కోసం పెట్టెను ఇన్వర్టరుకు కలిపాము.

పట్టీ గురించి ఒక్క మాట. మొనకూ చర్మానికీ మధ్య ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. రాత్రి తప్పకుండా విప్పేయాలి. పగలంతా ఒకే చోట ఒత్తుకుంటే, తడి ఉంటే, మెడమీద పుండు పడుతుంది. నేను రోజూ సాయంత్రం పట్టీ తీసి, వెంట్రుకలు పాయలు తీసి చర్మం చూసి, తడిగుడ్డతో తుడుస్తాను. రాత్రి చుక్కను వరండాలో పడుకోబెట్టి తలుపు వేస్తాము.

ఇప్పుడు మంద బాట మీద పోతుంటే చుక్క గీతకు ఇవతల కూర్చొని చెవులు నిక్కబొడుచుకొని చూస్తుంది. లేవదు. అయితే ఈ కంచె మా కుక్కను ఆపుతుంది గానీ వచ్చే గొర్రెను ఆపదు. మొన్న కుట్లు పడిన ఆ పిల్లే, ఇప్పుడు ఏపుగా పెరిగింది, తెరిచిన గేటులోంచి పచ్చగడ్డి కోసం లోపలికి వచ్చేసింది. నేను వెళ్లి చుక్క మెడ పట్టుకున్నాను. అప్పటి నుంచి తాత మంద మలుపు తిరగగానే దూరం నుంచే, "టీచరమ్మా, గేటు!" అని కేకేస్తాడు. నేను వెళ్లి గేటు వేస్తాను.